తనంతట తానే మారే తెరబొమ్మ

ఏదైనా కొత్త పని నేర్చుకోవాలంటే పూర్వం తెలిసిన మనిషి పక్కన కూచుని, చూసి నేర్చుకునేవాళ్ళం. ఇప్పుడా మనిషి స్థానంలోకి బొమ్మ వచ్చింది. గ్యాసు బుక్ చెయ్యాలన్నా, కరెంటు బిల్లు కట్టాలన్నా, రైలు టిక్కెట్టు కొనాలన్నా, ఫోను తెర మీద ఎక్కడ నొక్కాలో, నొక్కిన తరవాత ఏమి కనిపించాలో చూపించే బొమ్మలను దగ్గర పెట్టుకుని పని కానిస్తున్నాం. తెర మీద ఆ క్షణాన ఏముందో దాన్ని వున్నది వున్నట్టుగా పట్టి దాచిన ఈ బొమ్మకే స్క్రీన్‌షాట్ అని పేరు. తెరబొమ్మ అన్నా తప్పులేదు. ఇక్కడ రెండు మాటలూ వాడుకుందాం.

కంప్యూటర్లు వచ్చిన కొత్తలో తెర మీదిది దాచుకోవాలంటే తెర ముందు కెమెరా పెట్టి ఫోటో తియ్యవలసిందే. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరుకు, తెర మీది అక్షరాలను తిన్నగా ప్రింటరుకు పంపించే మీట ఒకటి వుండేది. ‘ప్రింట్ స్క్రీన్’ అనే ఆ మీట ఇప్పటికీ చాలా కీబోర్డుల మీద కనిపిస్తుంది. కాగితం మీద అచ్చు వెయ్యటం మానేసి, బొమ్మ తీసి దాచటం దాని ఉద్యోగమైంది. చేతి ఫోన్లకు ఈ సదుపాయం ఐఫోన్‌లో 2008లోనూ, ఆండ్రాయిడ్‌లో 2011లో 4.0 వచ్చినప్పుడూ అమరింది. అక్కణ్ణించి తెరబొమ్మ ఇంటింటి వస్తువైంది.

చిక్కెక్కడంటే, బొమ్మ కదలదు, యాప్ ఆగదు. ఆర్నెల్ల కిందట తీసిన బొమ్మలో నీలంగా వున్న బటన్ ఇవాళ ఆకుపచ్చ రంగు వేసుకుని పైకి పోయి కూచుంటుంది. అప్పుడు ఫోనులో ఇలాంటి సంభాషణ మొదలవుతుంది:

“నాన్నగారూ, అడుగున నీలం బటన్ వుంటుంది, అది నొక్కండి.”

“నీలంది ఏదీ లేదురా.”

“వుంటుంది, సరిగ్గా చూడండి. నా ముందు బొమ్మ వుంది.”

“కళ్ళజోడు పెట్టుకునే చూస్తున్నానురా. లేదు.”

ఇద్దరిలో అబద్ధమాడుతున్న వారెవరూ లేరు. కొడుకు బొమ్మను బట్టి చెబుతున్నాడు, తండ్రి కంటిని బట్టి చెబుతున్నాడు. కాని చివరికి “నాకీ కొత్త విద్యలు రావులే” అని ఓటమి ఒప్పుకునేది మాత్రం ఎప్పుడూ తండ్రే. బొమ్మ పాతబడిందేమో అన్న అనుమానం ఆయనకు రాదు. అచ్చయినదాని మీద మన పెద్దల గౌరవం అలాంటిది.

పోయేది రంగూ రుచీ అయితే నవ్వి వూరుకోవచ్చు. కేంద్రప్రభుత్వ పింఛనుదార్లు ఏటా నవంబరులో తాము జీవించి వున్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలి. ఎనభై దాటినవారు అక్టోబరు నుంచే ఇవ్వవచ్చు. బ్యాంకు దాకా పోలేనివారి కోసం ‘జీవన్ ప్రమాణ్’ అనే ఏర్పాటు 2014 నవంబరు 10న మొదలయింది. 2021 నవంబరు నుంచి ఫోను కెమెరాకు ముఖం చూపించి ఇంట్లోంచే ఆ పత్రం ఇవ్వటానికి కూడా వీలు కలిగింది. మంచం దిగలేని వారికి ఇది ఎంత మేలో వేరే చెప్పనక్కర్లేదు. అయితే ఇందులో మెట్లు చాలా వున్నాయి. ఆధార్ అంకె వెయ్యాలి, ఫోనుకు వచ్చిన ఓ.టి.పి. చెప్పాలి, ముఖాన్ని గీత మధ్య నిలపాలి. మెట్టు మెట్టుకూ బొమ్మ కావాలి. ఆ బొమ్మల్లో ఒకటి పాతదైతే పెద్దాయన అక్కడ ఆగిపోతాడు. ఆగిపోయినాయన ఏం చేస్తాడు? వీధి చివర ఎవరో కుర్రవాడి చేతికి ఫోను ఇచ్చేస్తాడు, ఓ.టి.పి. కూడా చదివి వినిపిస్తాడు. ఆ కుర్రవాడు మంచివాడే కావచ్చు. కాకపోతే?

అంచేత పాతబడిన బొమ్మ అన్నది చిన్న లోపమేమీ కాదు.

దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయమే తనంతట తానే మారే తెరబొమ్మ. మనిషి కూచుని ఒక్కొక్క బొమ్మా తియ్యటం మాని, ఆ పని ఒక చిన్న ప్రోగ్రాముకు అప్పగిస్తారు. అది రాత్రి పూటో, యాప్ కొత్త రూపు దిద్దుకున్నప్పుడో లేచి, మనిషి లాగే యాప్ తెరుస్తుంది. పరీక్ష కోసం పెట్టిన ఖాతాతో లోపలికి వెళ్ళి, చెప్పిన చోట నొక్కి, చెప్పిన పుట రాగానే బొమ్మ తీసి, పాత బొమ్మ పేరుతోనే పాత బొమ్మ స్థానంలో పెట్టేస్తుంది. మర్నాడు పొద్దున సహాయపు పుట తెరిచినవారికి కొత్త బొమ్మ కనిపిస్తుంది. ఎవరూ చెయ్యి పెట్టలేదు.

ఈ పద్ధతి మరీ నిన్నటిదేమీ కాదు. ఐఫోన్ యాప్‌లకు ఇలా బొమ్మలు తీసిపెట్టే ‘స్నాప్‌షాట్’ అనే పనిముట్టును 2014లో ఫెలిక్స్ క్రౌజ్ అనే ఆస్ట్రియా దేశపు యువకుడు తయారుచేశాడు. అది ‘ఫాస్ట్‌లేన్’ అనే పరికరాల పెట్టెలో భాగమయింది. అతని బాధ ఏమిటో అర్థం చేసుకోవాలంటే కాస్త లెక్క వెయ్యాలి. మన దేశానికి పనికొచ్చే యాప్ ఒకటుందనుకోండి. దానికి 5 బొమ్మలు కావాలి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోనూ కావాలి. చిన్న ఫోనుకు, పెద్ద ఫోనుకు, పలక లాంటి టాబ్లెట్‌కు, మూడు సైజుల్లో కావాలి. ఐదును ఇరవైరెండుతో, దాన్ని మూడుతో గుణిస్తే 330 బొమ్మలు. ఒక బటన్ రంగు మారిస్తే 330 బొమ్మలూ మళ్ళీ తియ్యాలి! మనుషుల చేత చేయిస్తే ఏమవుతుందో వూహించటం కష్టం కాదు. ఇంగ్లీషు బొమ్మలు ఐదూ కొత్తవి తీస్తారు. హిందీవి వీలుంటే తీస్తారు. తెలుగు, ఒడియా, సంతాలీ వాళ్ళు పాతవాటితోనే సరిపెట్టుకోవాలి, లేదా తెలుగు వాక్యాల మధ్య ఇంగ్లీషు బొమ్మలు చూసి తృప్తిపడాలి. యంత్రానికి ఈ తరతమ భేదం లేదు. ఇంగ్లీషుకు ఎంతసేపో తెలుగుకూ అంతసేపే. నా మట్టుకు నాకు ఈ ఏర్పాటులో అన్నిటికన్న పెద్ద మేలు ఇదే అనిపిస్తుంది.

ఇంకో మేలు కూడా వుంది. అది తెలుగువాళ్ళకే బాగా తెలుస్తుంది. మన లిపి పైకీ కిందికీ పెరుగుతుంది. ఇంగ్లీషు అక్షరాలకు సరిపడా ఎత్తు పెట్టిన గడిలో తెలుగు మాట పెడితే అడుగున ఒత్తులు తెగిపోతాయి. ‘రాష్ట్రం’ అన్న మాట చూడండి. ‘ష’ కింద ‘ట’ ఒత్తు, దానితో ‘ర’ ఒత్తు. చిరునామా అడిగే ప్రతి ఫారంలోనూ ఈ మాట వుండి తీరుతుంది. కింది సగం గడి గోడలో ఇరుక్కుపోయిన ‘రాష్ట్రం’ ఎన్ని చోట్ల కనిపిస్తుందో లెక్కలేదు. యాప్ రాసిన ఇంజనీరుకు తెలుగు రాకపోతే అతనికది కనిపించదు. కాని ప్రతి భాషకూ, ప్రతి పుటకూ యంత్రం బొమ్మ తీసి వరసగా పేర్చిపెడితే, తెలుగు వచ్చిన మనిషి ఒకరు పది నిమిషాలు కూచుని చూస్తే చాలు, తెగిన ఒత్తులన్నీ పట్టుబడతాయి. బటన్ల వెడల్పు సంగతీ అంతే. ఇంగ్లీషు ‘సేవ్’కు సరిపోయిన బటన్‌లో ‘భద్రపరచు’ పట్టాలంటే పక్కవాణ్ణి తోసుకుని కూచోవలసిందే.

అయితే ఇక్కడే యంత్రం చేసే చోద్యం కూడా ఒకటి చెప్పాలి. రాత్రిపూట బొమ్మలు తీసే కంప్యూటరు మన ఇంట్లో కంప్యూటరు లాంటిది కాదు. ఎక్కడో చల్లటి గదిలో, తెర కూడా లేకుండా పనిచేస్తూ వుంటుంది. దాంట్లో తెలుగు ఫాంటు వేసి వుండకపోతే, తెలుగు అక్షరాలు రావలసిన చోటల్లా ఖాళీ చతురస్రాలు వస్తాయి. వీటిని ఇంజనీర్లు ‘టోఫూ’ అంటారు, సోయాపాల నుంచి చేసే తెల్లటి ముక్కల్లా వుంటాయని. మనవాళ్ళయితే పనీరు ముక్కలనేవారేమో! ఈ టోఫూ ఎక్కడా లేకుండా చెయ్యాలనే గూగుల్ సంస్థ అన్ని లిపులకూ తయారుచేసిన ఫాంట్లకు ‘నోటో’ అని పేరు పెట్టింది. ‘నో టోఫూ’ అని దాని అర్థం. ఆ ఫాంటు వెయ్యటం మరిచిన కంప్యూటరు మాత్రం 15 తెలుగు పుటలకు 15 పనీరు పుటలు తీసి, పని విజయవంతంగా ముగిసింది అని రాసిపెట్టి నిద్రపోతుంది. దాని దృష్టిలో అబద్ధమేమీ లేదు. బొమ్మ తియ్యమన్నారు, తీసింది.

ఇహ అపాయాల సంగతికి వద్దాం. బొమ్మ మారుతుంది గాని బొమ్మ పక్కన రాసిన వాక్యం మారదు. “కుడివైపు అడుగున వున్న నీలం బటన్ నొక్కండి” అని వాక్యం. బొమ్మలో బటన్ పైన వుంది, ఆకుపచ్చగా వుంది. పాత బొమ్మా పాత వాక్యమూ కలిసి వున్నప్పుడు చదివేవాడు కనీసం, ఇది పాత పుస్తకం కాబోలు అని గ్రహించే వీలుండేది. ఇప్పుడు బొమ్మ తన ఫోనుతో సరిపోతోంది, వాక్యం సరిపోవటం లేదు. దేన్ని నమ్మాలి? సగం కొత్తది, సగం పాతదీ అయిన పుట పూర్తిగా పాతదానికన్న ఎక్కువ తికమక పెడుతుంది. చూపులేనివారి పరిస్థితి ఇంకా అన్యాయం. వారి ఫోను బొమ్మలను చదివి వినిపించాలంటే, బొమ్మ వెనక ఎవరో మాటల్లో వివరం రాసిపెట్టి వుండాలి. బొమ్మ పదిసార్లు మారినా ఆ వివరం మొదటిసారి రాసిందే. చూడగలిగినవాళ్ళకు కొత్త బొమ్మ, చూడలేనివాళ్ళకు పాత మాట.

ఎర్ర బాణాల సంగతి మరీ ప్రమాదం. నొక్కవలసిన చోట ఎర్ర సున్న చుట్టో, బాణం గీసో చూపటం అలవాటు గదా. ఎడమనుంచి ఇన్ని చుక్కలు, పైనుంచి ఇన్ని చుక్కలు అని కొలత చెప్పి ఆ బాణాన్ని యంత్రం చేత గీయిస్తే, బటన్లు స్థానం మార్చుకున్నాక కూడా అది పాత కొలత దగ్గరే దిగుతుంది. నిన్న ‘భద్రపరచు’ వున్న చోట ఇవాళ ‘తొలగించు’ వుంటే, సహాయపు పుటే దగ్గరుండి తొలగించు మీద చూపిస్తుందన్నమాట. తెలివైనవాళ్ళు కొలతకు కాక బటన్‌కే బాణాన్ని కడతారు, అది ఎక్కడికి పోతే బాణం అక్కడికి పోయేట్టు. ఆ శ్రద్ధ వున్నవాళ్ళెవరో లేనివాళ్ళెవరో పుట చూసి చెప్పటం మనవల్ల కాదు.

వీటన్నిటికన్న లోతైన అపాయం ఒకటి వుంది. యాప్ సరిగ్గా పనిచేస్తోందా లేదా అని పరీక్షించటానికి కూడా ఈ తెరబొమ్మలనే వాడతారు. 2020లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ‘ప్లేరైట్’ అనే పనిముట్టు తీరు చూడండి. మొదటిసారి ఒక పుటకు బొమ్మ తీసి, ఇదీ సరైన రూపం అని దాచుకుంటుంది. తరవాత ప్రతిసారీ కొత్త బొమ్మ తీసి దానితో పోల్చి, తేడా వుంటే గంట కొడుతుంది. మంచి కాపలాదారే. కాని కావాలని చేసిన మార్పుకూ గంట కొడుతుంది. పుట మీద గడియారమో తేదీయో వుంటే నిమిష నిమిషానికీ కొడుతుంది. విసుగెత్తిన ఇంజనీరు ఏం చేస్తాడు? పాత బొమ్మలన్నీ తీసేసి కొత్తవాటినే సరైనవిగా పెట్టుకో అని ఒక్క ఆజ్ఞ వేస్తాడు. అందుకు సదుపాయం కూడా పనిముట్టులోనే వుంది. ఆ మారిన రెండువందల బొమ్మల్లో కావాలని చేసిన మార్పులు నూట తొంభైతొమ్మిది వుండి, పొరపాటున వచ్చింది ఒకటి వుందనుకోండి. ఆ ఒక్కటి కూడా ఆ క్షణం నుంచి సరైనదే అయిపోతుంది. ఇహ దాన్ని ఎవరైనా దిద్దబోతే గంట కొట్టేది ఆ దిద్దినవాడి మీద! దొంగకు తాళాలిచ్చి ఇల్లుగలవాణ్ణి గుమ్మంలో ఆపటం లాంటిది ఇది.

గడియారం మాట వచ్చింది గనక చిన్న ముచ్చట. యాపిల్ సంస్థ ప్రకటనల్లో ఐఫోన్ బొమ్మ చూస్తే గడియారం ఎప్పుడూ 9:41 చూపిస్తూ వుంటుంది. 2007 జనవరిలో స్టీవ్ జాబ్స్ ఆ ఫోనును తొలిసారి చూపించిన వేళకు దగ్గరగా పెట్టిన అంకె అది. మొదట్లో 9:42 వుండేది, 2010లో ఐప్యాడ్ వచ్చినప్పుడు 9:41 అయింది. యంత్రం చేత బొమ్మలు తీయించేవాళ్ళు కూడా గడియారాన్ని ఇలాగే ఒకచోట ఆపేస్తారు, ప్రతి బొమ్మలోనూ వేళ మారకుండా. నిజాన్ని వున్నదున్నట్టు పట్టే బొమ్మ అని మొదట్లో అన్నాను గదా, యంత్రానికి కుదరాలంటే ఆ నిజంలో కొంత ముందే సర్దిపెట్టాలన్నమాట.

సర్దటం అంటే మరొకటి గుర్తుకొస్తోంది. బొమ్మలో ఎవరి వివరాలు పడుతున్నాయి? పరీక్ష ఖాతాలో కల్పిత పేరూ కల్పిత అంకెలూ వుంటే బెంగలేదు. ఎవరో బద్ధకించి నిజమైన మనిషి ఖాతాతోనే యంత్రాన్ని లోపలికి పంపితే, ఆ మనిషి పేరు, ఫోను నంబరు, బ్యాంకు నిలవ తెల్లారేసరికి లోకమంతా చూసే సహాయపు పుటలో వుంటాయి. మనిషి తీసే బొమ్మ అయితే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. యంత్రానికి ఆ సంకోచం లేదు. తరవాత నల్లరంగు పూస్తాం, అంచు కత్తిరిస్తాం అంటారు కొందరు. 2023 మార్చిలో ఏం బయటపడిందో వారు చదివితే బాగుండు. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో తెరబొమ్మను కత్తిరించి దాచితే, కత్తిరించి పారేశామనుకున్న భాగంలో కొంత ఫైలు అడుగునే మిగిలిపోతోందనీ, తెలిసినవాడు దాన్ని మళ్ళీ పైకి తియ్యగలడనీ పరిశోధకులు చూపించారు. విండోస్ 11లోని కత్తిరింపు పనిముట్టులోనూ అలాంటి లోపమే కనిపించింది. రెండూ దిద్దుకున్నారు. అయినా దాచవలసింది బొమ్మ తియ్యకముందే దాచాలి గాని, తీసిన తరవాత కాదు.

ఈ కుటుంబంలోదే ఇంకో బొమ్మ వుంది, అది మన సొంత తెర మీదే కన్ను వేస్తుంది. 2024 మే 20న మైక్రోసాఫ్ట్ సంస్థ ‘రీకాల్’ అనే సదుపాయాన్ని ప్రకటించింది. కొన్ని కొత్త రకం కంప్యూటర్లలో, కొద్ది సెకన్లకోసారి తెరను బొమ్మ తీసి దాస్తూ పోవటం దాని పని. మొన్నెప్పుడో చూసిన వంకాయరంగు చీర ఏ దుకాణంలోది అని అడిగితే ఆ బొమ్మల్లో వెతికి చూపిస్తుంది. ముచ్చటగానే వుంది. కాని చీరతోపాటు బ్యాంకు పుట, డాక్టరుకు రాసిన ఉత్తరం, అక్కాచెల్లెళ్ళు చెప్పుకున్న గోడు అన్నీ అందులో పడతాయి గదా! తొలి రూపంలో ఆ నిధిని ఇతర ప్రోగ్రాములు చదివే వీలుందని నిపుణులు చూపించేసరికి, జూన్‌లో రావలసినదాన్ని సంస్థ ఆపుకుంది. మనం కావాలంటేనే పనిచేసేట్టూ, ముఖమో వేలో చూపిస్తేనే తెరుచుకునేట్టూ మార్చి, 2025 ఏప్రిల్‌లో ఆ కంప్యూటర్లకు అందించింది. ఆ మరుసటి నెలలోనే సిగ్నల్ అనే సందేశాల యాప్, విండోస్ 11లో తన పుటలను ఎవరూ తెరబొమ్మ తియ్యకుండా అడ్డం కట్టుకుంది. సొంత ఇంట్లో వున్నా తలుపు గడియ పెట్టుకోవటం లాంటిది. సిగ్నల్ వారిని నేను తప్పుపట్టను.

ఇప్పుడు మళ్ళీ సహాయపు పుటలోని బొమ్మకు వద్దాం. కొత్త బొమ్మ పెట్టినప్పుడు పాతది ఏమయింది? దాని స్థానంలోనే, దాని పేరుతోనే కొత్తది కూచుంది గనక పాతది లేదు. ఉదాహరణకు, క్లెయిము కోసం ఐదు కాగితాలు పెట్టాలని ఒక బీమా పుట బొమ్మ వేసి చూపించిందనుకోండి. మీరు ఐదూ పెట్టారు. నెల తిరిగాక బొమ్మ తనంతట తానే మారి ఆరు గడులు చూపిస్తోంది. ఆరోది లేదు గనక మీ దరఖాస్తు చెల్లదన్నారు. ఆనాడు ఐదే వున్నాయని మీరెలా రుజువు చేస్తారు? మన ఇళ్ళల్లో పాత పంచాంగాన్ని అంత తొందరగా పారెయ్యరు. తిథి చూడటానికి అది పనికిరాదు గాని, ఆ యేడు పుట్టినవాళ్ళ జాతకం రాయాలంటే అదే కావాలి. తెరబొమ్మకూ ఈ రెండు ప్రయోజనాలూ వున్నాయి. దారి చూపించేది కొత్తదిగా వుండాలి, సాక్ష్యం చెప్పేది వున్నచోట వున్నట్టే వుండాలి. ఒకే బొమ్మ చేత రెండు పనులూ చేయించబోతేనే తంటా.

న్యాయస్థానాల వైపునుంచి చూసినా అంతే. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టేటప్పుడు జతపరచవలసిన ధ్రువపత్రంలో ఆ ఫైలు ‘హ్యాష్’ అంకె వెయ్యాలి. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ అంకె మారిపోతుంది. తనంతట తానే మారే బొమ్మ సాక్షిగా నిలబడలేదని వేరే చెప్పాలా? అమెరికాలో 1996లో ఆరంభమైన ‘ఇంటర్నెట్ ఆర్కైవ్’ అనే సంస్థ లోకంలోని వెబ్ పుటలను తేదీల వారీగా దాస్తూ, 2001 నుంచి అందరికీ చూపిస్తోంది. ఎన్నోసార్లు అది ఆదుకుంటుంది గాని, ఖాతాలో ప్రవేశిస్తేనే కనిపించే పుటలు దానికీ అందవు. ముఖ్యమైన దరఖాస్తు పెట్టిన రోజున చూసిన పుటను మీ ఫోనులోనే తెరబొమ్మ తీసుకుని వుంచుకోండి. మీరు తీసుకున్న బొమ్మ మారదు. లింకు పంపిస్తే అవతల చూసేవారికి ఇవాళ ఒకటి, రేపొకటి కనిపించవచ్చు.

మరి యంత్రం వద్దా? అలా అనటం లేదు. 330 బొమ్మలు చేత్తో తియ్యమనటం క్రూరత్వం, పైగా అందులో మొదట నష్టపోయేది మన భాషే. యంత్రమే తియ్యనివ్వండి. తీసినవాటిని నేరుగా పుటలో పెట్టకుండా, పాతదీ కొత్తదీ పక్కపక్కన వుంచి మనిషికి చూపించాలి. తెలుగు బొమ్మను తెలుగు చదివే మనిషికే చూపించాలి. ఆ మనిషి సరేనన్న తరవాతనే పుట మారాలి. లిబ్రెఆఫీస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు స్వచ్ఛందంగా పనిచేసేవారి శ్రమ మీద నడుస్తున్నాయి. అందులో తెలుగు రూపం కూడా వుంది, దాని కిటికీల బొమ్మలు యంత్రం చేత తీయించే ఏర్పాటూ వుంది. తెగిన ఒత్తు కనిపిస్తే చెప్పటానికి తెలుగువాళ్ళకు అక్కడ ఎవరి అడ్డూ లేదు. డబ్బు పుచ్చుకుని యాప్‌లు చేసే కంపెనీలకు ఈ పాటి ఓపిక ఎందుకుండకూడదు?

ఇంకొక్క సంగతి. సహాయపు పుట కొత్తదైనంత మాత్రాన మీ నాన్నగారి ఫోను కొత్తదై పోదు. ఐదారేళ్ళ కిందటి ఫోనులో పాత యాపే వుండవచ్చు, దానికి పాత బొమ్మే సరైన బొమ్మ. అంచేత ప్రతి బొమ్మ కిందా అది తీసిన తేదీ, యాప్ వెర్షన్ నంబరు వెయ్యటం కంపెనీల విధి. వాళ్ళు వేసేదాకా మనమే చేసుకోవచ్చు. ఈ నవంబరుకు ముందు ఎప్పుడైనా ఇంటికి వెళ్ళినప్పుడు, మీ ఫోనులో కాకుండా పెద్దవారి ఫోనులోనే, వారి చేతనే నొక్కిస్తూ, అంకెలూ ఓ.టి.పి.లూ లేని పుటలకు మాత్రం బొమ్మలు తియ్యండి. పెద్దవిగా అచ్చు వేయించి, తేదీ, వెర్షన్ నంబరు పైన రాసి, కళ్ళజోడు పెట్టె దగ్గర వుంచండి. ఆ నంబరు తెలియకపోతే, ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగులు తెరిచి, యాప్‌ల జాబితాలో ఆ యాప్ పేరు నొక్కి, పుట అడుగుదాకా జరిపితే కనిపిస్తుంది.